బడికి పంపుదామా, మానుదామా?



పిల్లవాడికి రాత్రి నుండి ముక్కు కారుతున్నది. ప్రొద్దుట నుదుటిమీద చేయి వేసి చూస్తే కొంచెం వెచ్చగా తగిలింది. అటు ఆటో వచ్చే వేళ అవుతున్నది, ఇటు మీరు పనికి బయలుదేరాలి. అటువంటప్పుడు మనలో అనేకులు ఒక పారాసిటమాల్ మాత్ర వేసి, "ఏమీ కాదులే, వెళ్ళు నాన్నా" అని పంపివేస్తాం. సాయంత్రానికి వాడు ఆడుకొని మరీ ఇంటికి వస్తాడు. మన మట్టుకు ఆ సంగతి అంతటితో తీరిపోయింది.

కాని అదే బెంచీమీద వాడి ప్రక్కన కూర్చున్న పిల్ల విషయంలో అది తీరిపోకపోవచ్చును. ఆమె రక్త క్యాన్సరుకు మందులు వాడుకుంటూ, చాలాకాలం తరువాత మళ్ళీ పుస్తకాల సంచి తగిలించుకొని వచ్చిన పిల్ల కావచ్చును. మీవాడికి ఒక పూట జలుబైనది ఆమెకు వారం పది రోజుల ఆసుపత్రి వాసం కావచ్చును. ఇంట్లో చేసుకొనే పరీక్షలు ఇటువంటి పిల్లల చదువుకు ఎంతవరకు అక్కరకు వస్తాయి, ఎక్కడ అక్కరకు రావు అనేది ఈ వారం మన పాఠం. జబ్బున్న బిడ్డ గల తల్లిదండ్రులకే కాదు, లేనివారికి కూడా ఇది అవసరమని నా అభిప్రాయం. అసలు వారికే ఎక్కువ అవసరం. ఎందుకో ముందుకు పోయేకొద్దీ మీకే తెలుస్తుంది.

ముందుగా ఈ పిల్లలు ఎవరో చూద్దాం. క్యాన్సరు మందుల వలన తెల్ల కణాలు తగ్గిపోయినవారు. నెఫ్రోటిక్ సిండ్రోమ్, అనగా మూత్రంలో మాంసకృత్తులు పోయి ఒళ్ళంతా నీరుపట్టే జబ్బుకు స్టెరాయిడ్లు వాడేవారు. పుట్టుకతోనే గుండెలో లోపం ఉన్నవారు. మన ఏజెన్సీ ప్రాంతాలలో కనిపించే సికిల్‌సెల్ వ్యాధిగల పిల్లలు. గొంతుకు గొట్టం అమర్చి దాని ద్వారా ఊపిరి తీసుకొనేవారు. వీరిలో కొందరిని చూస్తే జబ్బు ఉన్నట్టే తెలియదు. యూనిఫారం వేసుకొని వరుసలో నిలబడితే అందరిలో ఒకరే. టీచర్లు మరచిపోవడానికి అదే కారణం.

ఇటువంటి బిడ్డను ఇంట్లోనే ఉంచితే పోలేదా అని అడిగేవారున్నారు. 2020 మార్చిలో కరోనా వలన బడులు మూతపడినప్పుడు పిల్లలందరూ ఇంట్లోనే ఉన్నారు. ఆ రోజులలో పిల్లలు ఎంత దిగులుపడ్డారో, చదువులో ఎంత వెనుకబడ్డారో మనకు తెలియనిది కాదు. అందరికీ బడులు తెరిచారు. ఈ పిల్లలలో కొందరికి మాత్రం తలుపు తెరుచుకోలేదు; అమ్మానాన్నల భయమే గడియ అయ్యింది. ఆ భయాన్ని నేను తప్పుపట్టను. కాని రక్త క్యాన్సరు చికిత్స సాధారణంగా రెండు మూడేళ్ళు సాగుతుంది. మొదటి గట్టి మందుల దశ దాటిన తరువాత చాలామంది పిల్లలను వైద్యులే బడికి వెళ్ళమంటారు. రెండు మూడేళ్ళు స్నేహితులు లేకుండా, పలక బలపం లేకుండా గడపడం కూడా ఒక జబ్బే. కనుక "పంపాలా, వద్దా" అనేది ఒక్కసారి తేల్చి గోడకు వ్రాసిపెట్టే మాట కాదు, ప్రతి ఉదయం క్రొత్తగా చూసుకోవలసిన సంగతి. ఇంటి పరీక్షలు సాయపడేది అక్కడే.

అన్నిటికంటె ముందు థర్మామీటరు. నుదుటిమీద చేయి థర్మామీటరు కాదు. మెడికల్ షాపులో తక్కువ వెలకే దొరికే డిజిటల్ థర్మామీటరు ఒకటి ఇంట్లో ఉండాలి. నోట్లో గాని, చంకలో గాని పెట్టి చూడాలి. చంకలో కాస్త తక్కువ చూపిస్తుందని గుర్తుంచుకోవాలి. క్యాన్సరు మందులు వాడే పిల్లలకు మలద్వారంలో పెట్టి చూడకూడదు. 100.4 డిగ్రీలు, అనగా సెంటీగ్రేడులో 38 దాటితే చాలా ఆసుపత్రులవారు వెంటనే రమ్మంటారు. మీ వైద్యుడు వేరొక అంకె చెప్పి ఉంటే అదే మీకు ప్రమాణం.

ఇక్కడ మన ఇళ్ళలో జరిగే ఒక పొరపాటు చెప్పాలి. వేడి తగలగానే ముందు పారాసిటమాల్ వేస్తాం, తరువాత థర్మామీటరు వెదుకుతాం. అప్పటికి జ్వరం దిగి ఉంటుంది, అంకె మామూలుగానే కనిపిస్తుంది, తల్లి ఊపిరి పీల్చుకొంటుంది. తెల్ల కణాలు తగ్గిన బిడ్డలో ఆ జ్వరం ఒక్కటే గుర్తు. చీము పట్టడానికి గాని, గొంతు ఎర్రబడడానికి గాని ఆ ఒంట్లో కణాలు చాలవు. రక్తంలో క్రిములు పెరుగుతూనే ఉంటాయి, పైకి ఏమీ కనిపించదు. గంటలలోనే ప్రమాదం ముంచుకు వస్తుంది. కాబట్టి ముందు కొలత, తరువాత ఫోను, ఆపైన వైద్యుడు చెబితేనే మాత్ర. సికిల్‌సెల్ పిల్లలకు కూడా జ్వరం అత్యవసరమే. వారి ప్లీహం చిన్ననాడే దెబ్బతిని, న్యుమోకోకస్ వంటి క్రిములను వడగట్టే పని చేయలేకపోతుంది. వారికి వ్రాసిచ్చిన పెన్సిలిన్ మాత్రలు బాగున్న రోజున కూడా మానకూడదు.

ఇక కరోనా నాటి నుండి మనకు పరిచయమైన ముక్కు పరీక్ష. మన దేశంలో ఇంట్లో చేసుకొనే మొదటి కిట్టుకు భారత వైద్య పరిశోధన మండలి 2021 మే నెలలో అనుమతి ఇచ్చింది. పూణేకు చెందిన మైల్యాబ్ సంస్థ తయారుచేసిన 'కోవిసెల్ఫ్' అది. అప్పుడు దాని వెల 250 రూపాయలు. దూదిపుల్లను రెండు ముక్కు రంధ్రాలలోను త్రిప్పి, గొట్టంలోని ద్రవంలో ముంచి, ఆ చుక్కలు చిన్న పలకమీద వేస్తే పదిహేను నిమిషాలలో గీతలు కనిపిస్తాయి. 'సి' దగ్గర ఒక్క గీత ఉంటే వైరస్ దొరకలేదని. 'సి', 'టి' రెండింటి దగ్గరా ఉంటే దొరికిందని. 'సి' దగ్గర గీతే రాకపోతే ఆ పరీక్ష చెల్లలేదని అర్థం. కాగితంలో చెప్పిన గడువు దాటిన తరువాత వచ్చిన గీతను లెక్కచేయకూడదు.

ఈ గీతల భాషలో ఒక మెలిక ఉన్నది. రెండు గీతలు వస్తే నమ్మండి. ఒక్క గీత వస్తే తొందరపడి నమ్మకండి. ఈ పరీక్ష వెదికేది వైరస్‌లోని మాంసకృత్తును. జబ్బు మొదలైన తొలి రోజున అది ముక్కులో చాలినంత ఉండకపోవచ్చును; రేపో ఎల్లుండో పెరిగినప్పుడు దొరుకుతుంది. అందుకే లక్షణాలు ఉండి కూడా కిట్టులో వైరస్ దొరకనివారు ఆర్.టి.పి.సి.ఆర్. చేయించుకోవాలని మన పరిశోధన మండలి ఆనాడే చెప్పింది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2022 ఆగస్టులో ఇంకొంచెం వివరంగా చెప్పింది: లక్షణాలు ఉంటే 48 గంటల ఎడంతో కనీసం రెండుసార్లు, లక్షణాలు లేకుండా కేవలం కరోనా మనిషి తగిలి ఉంటే అదే ఎడంతో మూడుసార్లు చూడమన్నది. సోమవారం ఉదయం వచ్చిన ఒక్క గీత సోమవారం సంగతే చెబుతుంది. అది వారమంతటికీ బడికి ఇచ్చిన పాసు కాదు.

మన ఎండల సంగతి కూడా చెప్పాలి. ఈ కిట్లను సాధారణంగా 2 నుండి 30 డిగ్రీల మధ్య ఉంచాలని పెట్టెమీదే వ్రాసి ఉంటుంది. రెంటచింతలలో మే నెలలో రేకుల ఇంట్లో అటకమీద పెట్టిన కిట్టు ఏమి చెబుతుందో మీరే ఆలోచించండి! ఫ్రిజ్ ఉంటే అందులో పెట్టి, వాడే ముందు కొంతసేపు బయట ఉంచండి. గడువు తేదీ చూడటం మరువకండి.

ఇక వ్రేలికి తగిలించే ఆక్సీమీటరు. కరోనా తరువాత ఇది చాలా ఇళ్ళకు చేరింది. గుండెలో లోపం ఉండి ఒళ్ళు నీలిరంగు తిరిగే బిడ్డకు బాగున్న రోజున కూడా అంకె 80 ప్రాంతంలో ఉండవచ్చును. ప్రక్కింటివారి 98తో పోల్చి భయపడవద్దు. మీ బిడ్డ బాగున్నప్పుడు ఎంత ఉంటుందో వ్రాసిపెట్టుకొని, ఎంతకు దిగితే రావాలో వైద్యుని అడగండి. ముదురు రంగు చర్మం గలవారిలో ఈ పరికరం ఉన్నదానికన్న కొంచెం ఎక్కువ చూపించే అవకాశం ఉన్నది. కనుక అంకె బాగానే ఉన్నా బిడ్డ ఆయాసపడుతుంటే మీ కంటినే నమ్మండి.

నెఫ్రోటిక్ బిడ్డల తల్లులు ఈ విద్యలో మనందరికంటె ముందున్నారు. ఉదయం మొదటి మూత్రంలో కాగితపు పుల్ల ముంచి, రంగు చూసి నోటుపుస్తకంలో వ్రాసుకోవడం వారికి అలవాటు. వరుసగా మూడు రోజులు మూడు ప్లస్సులు గాని, అంతకు మించి గాని వస్తే జబ్బు తిరగబెట్టినట్టు. తిరగబెట్టడానికి మామూలు జలుబే చాలాసార్లు కారణం. అయితే మూత్రంలో ఇన్ఫెక్షన్ చూసే పుల్లలు వేరే ఉన్నవి. వెన్నుపూస లోపం వలన రోజూ గొట్టంతో మూత్రం తీయవలసిన పిల్లలలో ఆ పుల్లలు తరచు రంగు మారుతూనే ఉంటాయి, ఎందుకంటే వారి మూత్రసంచిలో క్రిములు కాపురముంటాయి. జ్వరం, నొప్పి వంటివి లేకుండా పుల్ల రంగు చూసి మాత్రమే బడి మాన్పించడం, యాంటిబయాటిక్ వాడటం సరికాదు.

ఇంతవరకు చెప్పినవి ఇంట్లో చేసుకోగలవి. ఇక ఇంట్లో చేయలేని దానిని గురించి కొంచెం ఎక్కువగా చెప్పవలసి ఉన్నది. ఈ పిల్లలకు బడిలో ఎదురయ్యే పెద్ద ప్రమాదాలలో ఒకటి ఆటలమ్మ. దానికి ఇంట్లో చేసే కిట్టు లేదు. ఒకవేళ ఉన్నా ఉపయోగం తక్కువే, ఎందుకంటే పొక్కు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందు నుండే అది ఇతరులకు అంటుకుంటుంది. మామూలు బిడ్డకు దురద, జ్వరం, వారం పది రోజులలో పక్కులు కట్టి రాలిపోవడం. రోగనిరోధక శక్తి అణగిన బిడ్డకు అదే ఊపిరితిత్తులకు, కాలేయానికి ప్రాకి ప్రాణంమీదికి తేవచ్చును.

మన ఊళ్ళలో ఆటలమ్మ పోస్తే ఏమి చేస్తామో మీకు తెలుసు. గుమ్మానికి వేపాకు కడతాం. పేరు పెట్టి మాట్లాడము. మందు మాట అటుంచి, బయటివారికి చెప్పడమే తప్పనుకుంటాం. బడికి "ఊరికి వెళ్ళాం" అని చీటీ పంపుతాం. వేపాకు కట్టడం వలన ఎవరికీ హాని లేదు. నిజానికి అది 'ఇక్కడ జబ్బు ఉన్నది, రావద్దు' అని ఊరికి చెప్పే పాత పద్ధతే. హాని అంతా ఆ చీటీలో ఉన్నది. ఆ తరగతిలో మందులు వాడే బిడ్డ ఉంటే, ఆటలమ్మ తగిలిన సంగతి తెలిసిన వెంటనే ఆమెను వైద్యుని దగ్గరకు తీసుకొనిపోవాలి. రక్షణనిచ్చే ఇమ్యునోగ్లోబ్యులిన్ సూది గాని, వైరస్‌ను అణచే మందు గాని ఇవ్వాలా అన్నది వారు నిర్ణయిస్తారు. ఆ సూది ఎంత త్వరగా పడితే అంత మేలు. మొదటి నాలుగు రోజులు చాలా విలువైనవి. మీ చీటీలో "ఊరికి వెళ్ళాం" అని ఉంటే ఆ నాలుగు రోజులు ఆమెకు దక్కవు. తట్టు విషయమూ ఇంతే. అది గాలిలో రెండు గంటల వరకు నిలిచి ఉండగలదు గనుక అదే బెంచీమీద కూర్చోనవసరం కూడా లేదు.

ఇప్పుడు అర్థమయిందా, పరీక్ష ఎవరి ఇంట్లో జరగాలో? జబ్బుతో ఉన్న బిడ్డ ఇంట్లో పది పరికరాలున్నా ఆ బిడ్డను కాపాడేది ప్రక్క బిడ్డ తల్లి ప్రొద్దుట చూసే ఒక్క చూపు, ఆమె బడికి చెప్పే ఒక్క నిజం. జ్వరం ఉంటే పంపవద్దు. మందు వేయకుండానే 24 గంటలు జ్వరం లేకపోతే పంపండి. ఆటలమ్మ అయితే పొక్కులన్నీ పక్కు కట్టిన తరువాత పంపండి. మీ పిల్లలకు తట్టు, రుబెల్లా టీకా రెండు మోతాదులూ పడ్డాయో లేదో కార్డు తీసి చూడండి. ఇవి ప్రభుత్వం ఉచితంగా ఇచ్చేవే. ఆటలమ్మ టీకా ప్రభుత్వ పట్టికలో లేదు, కొనుక్కోవాలి. ఇవి బ్రతికి ఉన్న క్రిములతో చేసిన టీకాలు గనుక గట్టి మందులు వాడుతున్న బిడ్డకు సాధారణంగా వేయరు. ఆ బిడ్డకు రక్షణ చుట్టుప్రక్కలవారి జబ్బలమీద పడిన సూదులే.

అయితే ఆ తల్లులను మాత్రమే అంటే న్యాయం కాదు. మన బడులు ఏమి చేస్తున్నవి? ఏడాది చివర వార్షికోత్సవంలో "నూటికి నూరు శాతం హాజరు" అని పిలిచి కప్పు ఇస్తాం, చప్పట్లు కొడతాం. ఆ కప్పు కోసం జ్వరంతో వచ్చిన పిల్లలు ఎందరో! ఆసుపత్రి పడకమీద ఉన్న బిడ్డకు ఆ కప్పు ఎన్నటికీ రాదు. ఈ బహుమతిని మానివేయాలని నా మనవి. ప్రధానోపాధ్యాయులకు కోపం వచ్చినా సరే. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరిలో మొదలైన అమ్మ ఒడి పథకం తల్లికి ఏటా 15 వేల రూపాయలు ప్రకటించింది. దానికి 75 శాతం హాజరు నిబంధన ఉండేది. పిల్లలు బడి మానకుండా ఉండాలనే ఆ నిబంధన పెట్టారు. కాని కూలికి వెళ్ళే తల్లి చేతిలో ఆ లెక్క జ్వరంతో ఉన్న బిడ్డను కూడా బడికి తోస్తుంది. సి.బి.ఎస్.ఇ. వారు పది, పన్నెండు తరగతులకు 75 శాతం హాజరు అడిగినా, తీవ్రమైన అనారోగ్యానికి పత్రాలు చూపితే ఆ లోటును మన్నించే వీలు ఉంచారు. ఆ పత్రాలు ఏడాది చివర పరుగెత్తి తెచ్చేవి కావు; ఆసుపత్రికి వెళ్ళిన ప్రతిసారీ ఫైలులో పెట్టుకోవలసినవి.

దీనికి ఎదురైన పొరపాటు కూడా ఉన్నది. జబ్బున్న బిడ్డ ఒక్కసారి తుమ్మితే చాలు, ఇంటికి పంపి, "డాక్టరు చీటీ తెస్తేనే కూర్చోబెడతాం" అనే బడులున్నవి. ప్రతి తుమ్ముకు చీటీ అడిగితే ఆ తల్లి రోజు కూలి పోతుంది, ఫీజు పోతుంది, చివరికి బిడ్డ చదువే పోతుంది. ఏ గుర్తుకు పిలవాలి, ఏ గుర్తుకు అక్కరలేదు అన్నది ముందే వ్రాసి ఉంచుకొంటే ఈ గొడవ ఉండదు. బోర్డింగులలో ఇంకొక కష్టం. అక్కడ ఇంటికి పంపడమంటే ఒక రాత్రి బస్సు ప్రయాణం. బోర్డింగు సిస్టర్ల దగ్గర థర్మామీటరు, ఒక విడి గది, తల్లిదండ్రుల ఫోను నెంబరు ఉంటే సగం భారం తగ్గుతుంది. ఆదివారపు జ్ఞానోపదేశ తరగతికీ ఇదే వర్తిస్తుంది. జలుబు క్రిమికి ఆదివారం సెలవు లేదు.

చట్టం గురించి రెండు మాటలు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాలలో తలసేమియా, హీమోఫీలియా, సికిల్‌సెల్ కూడా ఉన్నవి. నిర్ణీత శాతం లోపం ఉన్నట్టు ధ్రువపత్రం ఉన్న పిల్లలకు 18 ఏళ్ళ వరకు ఉచిత విద్య హక్కు. క్యాన్సరు, నెఫ్రోటిక్ ఆ పట్టికలో లేవు. వారి విషయంలో ప్రధానోపాధ్యాయుని మంచితనమే దిక్కు. విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణ ప్రకారం తీవ్రమైన వైకల్యం గల పిల్లలు ఇంటివద్దనే చదువు కోరుకోవచ్చును. మండలంలోని భవిత కేంద్రంలో అడగండి. కాని కోరుకోవలసింది తల్లిదండ్రులు. "మీకు ఇల్లే మంచిదమ్మా" అని బడివారు సాగనంపడానికి ఆ సవరణ వ్రాయలేదు.

కొందరు తల్లిదండ్రులు బడికి ఏమని వ్రాయాలో తెలియక ఊరుకుంటారు. అటువంటివారి కోసం ఒక నమూనా ఉత్తరం ఇస్తున్నాను. అంకెలు, మందుల పేర్లు మీ వైద్యునితో నింపించుకోండి.

"ప్రధానోపాధ్యాయులు గారికి నమస్కారములు. మీ బడిలో ఫలానా తరగతి చదువుతున్న మా అమ్మాయి ఫలానా జబ్బుకు మందులు వాడుతున్నది. ఆమె జబ్బు ఇతరులకు అంటుకోదు. ఆటలలో ఫలానావి తప్ప అన్నీ ఆడవచ్చును. ప్రతి ఉదయం జ్వరం చూసి పంపుతాము. బడిలో ఒళ్ళు వెచ్చబడితే దయచేసి ఏ మాత్రా వేయకుండా, థర్మామీటరుతో చూసి, ఇంత డిగ్రీలు ఉంటే వెంటనే మాకు ఫోను చేయగలరు. మేము దొరకనిచో ఫలానా ఆసుపత్రికి తీసుకొనిపోగలరు. మా ఫైలు నకలు దీనితో జతపరచినాము. ఆమె తరగతిలో గాని, ఆటోలో గాని ఎవరికైనా ఆటలమ్మ, తట్టు వచ్చినట్లు తెలిస్తే పేరు చెప్పనవసరం లేదు, వచ్చిందన్న సంగతి అదే రోజు మాకు తెలుపగలరు. ఆమె రాని రోజులలో జరిగిన పాఠాలను ప్రక్క విద్యార్థిని నోటుపుస్తకం ద్వారా గాని, ఫోనులో ఫోటో ద్వారా గాని పంపగలరని ప్రార్థన. ఇట్లు, తల్లి, తండ్రి, రెండు ఫోను నెంబర్లు."

మూడు నకళ్ళు తీయించండి. ఒకటి ఆఫీసుకు, ఒకటి క్లాసు టీచరుకు, మూడవది ఆటో డ్రైవరుకు. ఉదయం పిల్లలను ఒకరి ఒడిలో ఒకరిని కూర్చోబెట్టుకొని తీసుకొనిపోయే ఆయనకు, ఎవరి ఒళ్ళు కాలుతున్నదో బడికంటె ముందే తెలుస్తుంది.